కత్తిపీట తాళం

తలుపు ధడాలున పడితే ఈనాటికీ నా చేతిలో ఏముంటే అది జారిపోతుంది. గాలికి పడిన తలుపైనా అంతే, పక్కింటి తలుపైనా అంతే. నా భయం ఆ పెద్ద చప్పుడుకు కాదు. దాని వెనకే ఇంకో చిన్న చప్పుడు వస్తుందేమోనని చెవి అటు పోతుంది. ఎండు చింతగింజ గచ్చు మీద పడినట్టు, టిక్కుమని. ఆ చప్పుడు మా ఇంట్లోనే పుట్టింది. పుట్టించినవాడు మా ఆయన. ఉపాయం ఇచ్చింది నా కత్తిపీట.

మాది చోడవరంలో కొలిమి ఇల్లు. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. రాసి పెట్టుకోవడం అలవాటు లేక అన్నీ తలలోనే పెట్టుకున్నాను. అందుకే కాబోలు, స్వతంత్రం వచ్చి ఏడెనిమిదేళ్లయిన ఆ రోజులు ఇప్పటికీ నిన్న ఉతికి ఆరేసిన బట్టల్లా కళ్లముందు ఉన్నాయి.

మా ఆయన బండిచక్రాలకు పట్టాలు వేసేవాడు, గానుగలకు మరమ్మతు చేసేవాడు. తిండి పెట్టింది ఆ పనులే. మనసు మాత్రం తాళాల మీద ఉండేది. భోషాణాలకూ పెట్టెలకూ తాళాలు చేసి, వాటిని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి వినేవాడు. "ఒసే, ఇను, పిట్ట కూసినట్టు నేదూ?" అని నా చెవి దగ్గర పెట్టేవాడు. నాకు ఇనుము మాత్రమే వినిపించేది.

ఒకరోజు మా ఊరి డాక్టరుగారు కబురంపారు. ఆయన డిస్పెన్సరీకీ పక్క కొట్టుకూ మధ్య మనిషి పక్కకు తిరిగి పోయేంత సందు ఉండేది. దానికి పైకప్పు వేసి మందుల గది చేసుకున్నారు. సందే ఇరుకు. అందులో లావుపాటి ద్వారబంధం పెడితే ఇక మనిషి పట్టడు. అందుకని వడ్రంగి రెండు వేళ్ల వెడల్పు చెక్కతో సన్నటి ద్వారబంధం పెట్టి, తలుపు అంచులు కూడా అంతే సన్నగా చేశాడు. పైకి కప్పతాళం వేసుకోవచ్చు కదా అంటే, అప్పటికే ఒకసారి ఎవరో గొళ్లెం పీకేసి, దగ్గుమందు అనుకుని ఒంటికి రాసే మందు సీసా పట్టుకుపోయారట. తాగకముందే దొరకబట్టి గండం గట్టెక్కించారు. తాళం చెక్కలోపలే ఉండాలి, బయటికి కనపడకూడదు అన్నారు డాక్టరుగారు.

మామూలు తాళంలో గడియ అడ్డంగా పడుకుని ఉంటుంది. తిప్పితే ముందుకు వస్తుంది, మళ్లీ తిప్పితే వెనక్కి పోతుంది. అది వెనక్కి పోవడానికి చోటు కావాలి కదా. నాలుగు వేళ్ల చోటు. ఇక్కడ ఉన్నది రెండు వేళ్లు.

మా ఆయన ముందు గడియ పొట్టి చేశాడు. తలుపు పట్టుకుని ఊపితే చాలు, బయటికొచ్చేసింది. తర్వాత గడియను నిలువుగా పెట్టి ద్వారబంధం పైచెక్కలోకి పోయేలా చేశాడు. మంచుకు చెక్క ఉబ్బి అది ఇరుక్కుపోయింది. అన్నం ముందు కూర్చున్నా కంచంలో వేలితో గీతలు గీసేవాడు. మా అత్త విసుక్కునేది.

"ఏటిరా అది? మెతుకులతో తాళం సేస్తన్నావా? డాక్టరుబాబు మందులు ఎవులెత్తుకుపోతే నీకేటి, ముందు కడుపుకి తిను."

ఒక పొద్దున్న నేను వంకాయలు తరిగి, కత్తిపీట మడిచి గోడకు ఆనించబోయాను. మాది మడత కత్తిపీట. కత్తి కింద మేకు మీద తిరుగుతుంది. తరిగేటప్పుడు లేచి నిలబడుతుంది, పని అయ్యాక పీట మీదికి పడుకుంటుంది.

"ఒసే, ఆగు. మళ్లీ లేపు" అన్నాడు.

లేపాను.

"మడు."

మడిచాను. అలా ఎన్నిసార్లు చేయించాడో. చివరికి కత్తిపీట నా చేతుల్లోంచి లాక్కుని, కూర పొయ్యి మీద ఉండగానే కొలిమిలోకి వెళ్లిపోయాడు.

పది రోజులకు తాళం తయారైంది. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు. లోపల ఇత్తడి నాలుక ఒకటి, నా కత్తిపీటలాగే, నిలబడి ఉంటుంది. తాళంచెవి ఒకవైపు తిప్పితే అది ముందుకు వాలి, ద్వారబంధంలోని రంధ్రంలోకి పడుకుంటుంది. ఇంకోవైపు తిప్పితే లేచి మళ్లీ తన గూట్లో నిలబడుతుంది. వెనక్కి పోయే పనే లేదు. నాలుక కొసన కొక్కెంలా వంపు తీశాడు. తలుపును ఎంత లాగితే అంత గట్టిగా కరుచుకుంటుంది. తాళం ఎంత పల్చనంటే, తాళంచెవి రంధ్రం ఇవతలినుంచి అవతలికి ఒకటే. కన్ను పెడితే లోపలి గది కనపడేది.

"తిప్పడానికి బలమే అక్కర్నేదు. మన గుంటైనా తిప్పేస్తాది" అని మా చిన్నదాన్ని చూపించి మురిసిపోయాడు.

నాకు మాత్రం ఎందుకో దాన్ని చూస్తే ఒళ్లు జలదరించింది. మామూలు గడియను మనిషి నెడితే కదులుతుంది. ఇది, తాళంచెవి కాస్త తగిలితే చాలు, మిగతాది తనంతట తాను పడుకుంటుంది. మనిషి చెయ్యి లేకుండా కదిలే ఇనుమంటే నాకు భయం. ఆ మాట అంటే నవ్వుతాడని అనలేదు. అనుంటే బాగుండేది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. చేసిన కొత్త తాళం ఏదైనా ముందు మన ఇంట్లో పని చేయాలి. దాని తాళంచెవికి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచాలి. ధూపం వేసి, బెల్లం నైవేద్యం పెట్టాలి. అడిగినవాళ్లకు ఇచ్చే రోజు దాకా ఆ తాళంచెవిని గూట్లోంచి తీయకూడదు. రెండో తాళంచెవికి ఆకురాయి పట్టేది కూడా ఆ తర్వాతే. మా మామగారి కాలం నుంచీ అంతే.

ఈ తాళానికి సరిపడే సన్న ద్వారబంధం మాకెక్కడిది? అందుకని మా సామాన్ల గదికి అంతవరకూ ఉన్న గోనె పరదా తీసేసి, డాక్టరుగారి గుమ్మం కొలతలతోనే ఒక తలుపు పెట్టాడు. ఎలకలు దూరకూడదని మా అత్త అంటే, అంచులు చిత్రిక పట్టి పట్టి, తమలపాకు కూడా దూరనంత బిగువుగా చేశాడు. ఆ గదికి కిటికీ లేదు. పైన అటక చెక్కలు. ఒక మూల బెల్లం గోనెలు.

దేవుడి గూడు ఉన్నది ఆ గదిలోనే.

ముగ్గురం పెద్దవాళ్లం ఆ ఇంట్లో తిరుగుతున్నాం. తాళం ఉన్న గది, తాళంచెవి ఉన్న గది ఒకటేనని ఒక్కరికీ తట్టలేదు. దేవుడి గూట్లో పెట్టింది భద్రం అనుకున్నాం, అంతే.

ఆ శుక్రవారం పొద్దున్న పూజ చేసి, గూటి ముందు పిడతలో నిప్పులు వేసి సాంబ్రాణి చల్లాడు. నాలుకను వేలితో లేపి నిలబెట్టి, తలుపు ఓరగా వేసి, ఉలి, సుత్తి పట్టుకుని డాక్టరుగారి గుమ్మానికి గాడి తొలవడానికి వెళ్లాడు. చెరకు ఆడే రోజులు. వీధిలో మగవాళ్లందరూ గానుగల దగ్గరున్నారు. మా అత్త అరుగు మీద బియ్యం ఏరుతోంది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. మా గుంటకు అప్పుడు అయిదేళ్లు. ఎక్కడుందో చూడలేదు.

తలుపు ధడాలున పడింది. వెనకే, టిక్కుమంది.

గిన్నె వదిలేసి పరుగెత్తాను. తలుపు లాగితే కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. ఇంకా గట్టిగా కరుచుకుంది.

"అమ్మా, తలుపు రాలేదు" అంది లోపల్నుంచి.

"ఏటి సేస్తన్నావే లోపల?"

"ఏటీ సెయ్యలేదు."

నోట్లో బెల్లం పెట్టుకుని అన్న మాట అది. నైవేద్యం తినడానికి దూరి, ఎవరూ చూడకూడదని తలుపు విసురుగా వేసుకుంది. ఆ అదురుకు నాలుక తనంతట తాను వాలిపోయింది. మా ఆయన ఆ తలుపును వేసినప్పుడల్లా పసిపిల్ల కళ్లు మూసినంత మెల్లగా వేశాడు. విసిరి వేసి చూడాలని ఆయనకు తోచనే లేదు.

"అమ్మా, సీకటి."

"ఉన్నానే ఇక్కడే. కదలకుండా నిలబడు."

"నిప్పులు దొర్లిపోనాయి. నన్ను కొట్టకే."

రంధ్రంలో కన్ను పెట్టాను. లోపల నల్లగా ఉంది. ఆ నలుపులో, కింద, బెల్లం గోనెలున్న మూల, ఎర్రగా అణా బిళ్లంత మచ్చ. చూస్తుండగానే అది వెడల్పు అయింది. పొగ వచ్చి కంట్లో గుచ్చుకుంది.

నేను ఎలా అరిచానో నాకు తెలీదు. మా అత్త చేట పారేసి వచ్చింది. ఎదురింటి రైతు, బండి ఇరుసు విరిగి అప్పుడే ఇంటికి వచ్చినవాడు, పెళ్లాంతో సహా పరుగెత్తుకొచ్చాడు. ఆవిడను మా ఆయన కోసం డిస్పెన్సరీకి పంపించాడు. తను కొలిమిలోంచి గునపం తెచ్చాడు.

"తప్పుకో సెల్లీ. రెండు దెబ్బల్లో ఊడదీస్తాను."

ఒక దెబ్బ వేశాడు. తలుపు అదిరింది గాని ఊడలేదు. లోపల్నుంచి గుంట కెవ్వుమంది. ఆ కేక తలుపు దగ్గర మొదలై దూరంగా పోయింది. మూలకు పోతోంది. గోనెలున్నవైపు.

నేను గునపం పట్టుకుని వేలాడాను.

"ఆగన్నా! సప్పుడుకి జడిసి లోపలికి పోతంది."

"పిచ్చా నీకు? పొగకి సచ్చిపోద్ది గుంట!"

"తాళంచెవి లోపలే ఉంది. అదే తిప్పుతాది."

"అయిదేళ్ల గుంటా?"

"తిప్పుతాది" అన్నాను. అన్నది నోరే. నేను ఆపింది తప్పయితే ఆ తప్పుతో ఎలా బతకాలి అని అప్పుడే ఒక పక్కన అనుకుంటున్నాను కూడా. మా అత్త నా వంక చూసిన చూపు మీకు చెప్పలేను.

రంధ్రానికి నోరు ఆనించి మాట్లాడాను. ఎక్కడినుంచి వచ్చిందో అంత మెత్తటి గొంతు.

"ఒసే తల్లీ, ఎవులూ కొట్టరు. బెల్లం తీపిగుందా?"

దగ్గు వినిపించింది. తర్వాత, "ఊ."

"దేవుడి గూట్లో బొట్టెట్టిన తాళంచెవి ఉంది కదా. గోడకి ఆనుకుని ఎల్లి అది తే. నిప్పులు తొక్కకు."

"అమ్మా, కళ్లు మండతన్నాయి."

"మూసుకో. గోడ తడుముకుంటా ఎల్లు."

తర్వాత మాట లేదు. ఏదో కింద పడింది. దేవుడి పటమో, పిడతో. గుంట "అమ్మోయ్" అంది ఒకసారి. మళ్లీ ఏమీ లేదు. రైతు గునపం ఎత్తి నా వైపు చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అంత పొడుగాటి నిశ్శబ్దం నా జన్మలో మళ్లీ వినలేదు.

"తెచ్చేను" అంది, తలుపుకు ఇవతలే ఉన్నట్టు. "కాలు కాలింది."

"నా బంగారుతల్లీ! నేను వేలు పెట్టిన కన్నంలోకి దాన్ని దూర్చు."

రంధ్రం ఆ పిల్ల ముక్కు ఎత్తున ఉంది. మూడుసార్లు పక్కకు తగిలింది. నాలుగోసారి దూరింది. దూరిన మరుక్షణం నాకు కనిపిస్తున్న కాస్త ఎరుపూ పోయింది. రంధ్రం మూసుకుపోయింది. గుంట గొంతు కూడా గోనె కప్పినట్టయింది.

"ఇప్పుడు అన్నం తినీ సెయ్యేపు తిప్పు."

"ఏ సెయ్యి? మామ్మ కొట్టీ సెయ్యా, కొట్టని సెయ్యా?"

మా గుంటది ఎడమచేతి వాటం. ముద్ద ఎడమచేత్తో ఎత్తినప్పుడల్లా మా అత్త ఆ చేతి మీద ఒకటి వేసేది. అంత ప్రమాదంలోనూ ఆ పిల్లకు రెండు చేతులూ గుర్తున్నది అలాగే.

"కొట్టని సెయ్యేపు."

లోపల కిర్రుమంది. "తిరగలేదు."

"గట్టిగా తిప్పు."

"తిరగలేదమ్మా." ఏడుపు కూడా సన్నగిల్లిపోయింది. ఆవలించినట్టు వచ్చింది ఆ మాట. నాకు అదే ఎక్కువ భయం వేసింది. ఏడిస్తే బాగుణ్ణు అనుకున్నాను.

"ఇంక నాబం నేదు, తప్పుకో" అని రైతు నన్ను జబ్బ పట్టుకుని లాగాడు. లాగితే తలుపుకు వీపు పెట్టి తిరిగాను. అలా తిరిగి, తాళంచెవి తిప్పినట్టు గాల్లో చెయ్యి తిప్పుకున్నాను. అప్పుడు తెలిసింది. నేను బయట ఉన్నాను, అది లోపల ఉంది. నా కుడి దానికి ఎడమ.

"తల్లీ! ఇటు కాదు. మామ్మ కొట్టీ సెయ్యేపు తిప్పు!"

లోపల చప్పుడు లేదు.

"ఇనిపించిందా? కొట్టీ సెయ్యేపు."

"మామ్మ ఉందా అక్కడ?"

"ఉంది."

"కొడతాది."

నేను మా అత్త వైపు చూశాను. ఆవిడ తలుపు మీద పడిపోయినట్టు మోకాళ్ల మీద కూలబడి, తన ముసలి నోరు రంధ్రానికి ఆనించింది.

"కొట్టనే నా తల్లీ. కొడితే నా సెయ్యి ఇరిగిపోవాల. ఆ సేత్తోనే తిప్పే. నీ అమ్మ కడుపు సల్లగుండ, తిప్పే."

టిక్కుమంది.

తలుపు లాగితే పొగ ముందు వచ్చింది, గుంట తర్వాత వచ్చి నా ఒళ్లో పడింది. కళ్లు మూసుకునే ఉంది. దగ్గుతోంది. దగ్గుతోంది కనక బతికింది. రైతు లోపలికి దూరి, గోనె బయటికి ఈడ్చి, తొక్కి, నీళ్లు పోశాడు. గుంట కుడిచేతి గుప్పిట విప్పితే సగం తిన్న బెల్లం ముక్క.

మా ఆయన వచ్చేసరికి పిల్లకు మజ్జిగ తాగిస్తున్నాం. ఆయన ఒంటి నిండా చెక్క పొట్టు. గుంట మడమ చూశాడు, పొక్కు లేచి ఉంది. తలుపు చూశాడు. ఎదురింటి రైతు చెబుతున్నదంతా విన్నాడు. తాళం ఊడదీసి, దిమ్మ మీద పెట్టి, పెద్ద సుత్తి ఎత్తాడు.

"మావా, కొట్టకు" అన్నాను.

"ఇది తాళమేటే? నా సేత్తో నా గుంటకి..." మాట పూర్తి కాలేదు.

"గుంట తిప్పితే తిరిగింది. నువ్వన్నట్టే తిరిగింది. అది మంచిగుణం. దాని సెడ్డగుణం తనంతట తను పడ్డమే. అదొక్కటీ తీసెయ్."

ఆయన సుత్తి దించి, దిమ్మ పక్కనే కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదలు.

డాక్టరుగారిని పది రోజులు వాయిదా అడిగాడు. పాడైపోయిన గడియారంలోంచి ఉక్కు చుట్ట తీసి, పొట్టి ముక్క తెంచి, నాలుక వెనక బిగించాడు. నిలబడిన నాలుకను అది వెనక్కి పట్టి ఉంచుతుంది. తాళంచెవి తిప్పితే తప్ప వాలదు. ఇంకొకటి కూడా చేశాడు. లోపలివైపు, చిన్నపిల్లకు అందే ఎత్తులో, తాళంచెవి లేకుండా తిప్పుకునే చిన్న పిడి పెట్టాడు. తర్వాత అది చూసి డాక్టరుగారు, "లోపల ఉండేవి సీసాలే కదయ్యా, వాటికెందుకు పిడి?" అని నవ్వారట. "ఉండాలి బాబూ" అన్నాడట ఈయన.

ఇచ్చేముందు మళ్లీ మా సామాన్ల గదికే బిగించాడు. ఈసారి దేవుడి గూడు వంటింట్లోకి మారింది. గోనెలు తీసేశాం. ఆయన లోపలికి వెళ్లి నిలబడి అన్నాడు.

"ఇసిరి కొట్టు తలుపు."

నా చెయ్యి రాలేదు.

"కొట్టవే!"

కొట్టాను. వెనక చప్పుడు కోసం విన్నాను. రాలేదు. తలుపు తీసి మళ్లీ కొట్టాను. ఒళ్లంతా చెమట పట్టేదాకా కొట్టాను. ఒక్కసారి కూడా నాలుక వాలలేదు. కొట్టిన ప్రతిసారీ ఆయన లోపల ఉన్నాడన్నది మరిచిపోయి, గుంటే ఉందనుకుని ఊపిరి బిగబట్టాను.

చివర్లో ఆయన, "ఇప్పుడు తాళం ఏసెయ్" అన్నాడు. వేశాను. లోపల పిడి కోసం తడుముకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటూ నేను గోడ పట్టుకున్నాను.

మా గుంట అప్పటిదాకా మా అత్త చీర కుచ్చెళ్లు వదలకుండా దూరంగా నిలబడి ఉంది. అది కుంటుకుంటూ వచ్చి, మడమ నేలకు ఆనకుండా మునివేళ్ల మీద లేచి, రంధ్రానికి నోరు పెట్టింది.

"నాన్నా, జడవకు. మామ్మ కొట్టీ సెయ్యేపు తిప్పు."

తలుపు తెరుచుకుంది.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట గుంటకు అన్నం తనే కలిపింది. ముద్ద చేసి, ఎవరివైపూ చూడకుండా, దాని ఎడమ చేతిలో పెట్టింది.